ఇంట్లో కడుక్కొచ్చిన కాళ్ళు

ఫాదర్ గారికి, సిస్టర్లకు స్తోత్రాలు. ఈ గుడి విచారణ పెద్దలకు, పర్చూరు నుంచి వచ్చిన ఇన్నాసయ్య గారి కూతురు లూర్దుమేరికి, ఈ ఎండలో పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన గుడిలో జపాలు చెప్పించి, పిల్లలకు బైబిలు నేర్పిన ఉపదేశి ఇన్నాసయ్య గారు పోయి ఇవాళ్టికి ఏడో రోజు. పొద్దున పూజ అయింది. సమాధి మీద పూలు పెట్టి వచ్చాం. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుని, భోజనాలు చేసి వెళ్ళిపోదామని ఈ షామియానా కింద కూర్చున్నాం. మంచి మాటలు చాలామంది చెప్పారు. నా ముందు మాట్లాడినవాళ్ళంతా ఆయన పునీతుడన్నారు. వినడానికి బాగుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పి దిగిపోతాను.

నాకు మాట్లాడటం రాదు. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. ఈ గుడి బడిలో ఐదో తరగతి దాకా ఆయనా నేనూ ఒకే చాప మీద కూర్చున్నాం. ఆయనకు నోరు వచ్చింది, నాకు రాలేదు. బైబిల్లో జక్రయ్యకు దేవదూత కనిపించాక మాట పడిపోయింది కదా. "మా జక్రయ్యకు దేవదూత కనిపించకుండానే పడిపోయింది" అని పెళ్ళిళ్ళలో నన్ను చూపించి పదిమందినీ నవ్వించేవాడు. "ఒరేయ్, నువ్వు నోరు తెరిచిన రోజున నేను గుడి గంట కొడతానురా" అనేవాడు.

ఇవాళ తెరిచాను. గంట కొట్టేవాడు లేడు.

గారు, గారు అంటుంటే నాలుక తిరగడం లేదు. ఇన్నాసి అంటాను. ఏమీ అనుకోకండి.

అయ్యలారా, అమ్మలారా, నిరుడు పవిత్ర గురువారం గుర్తుందా? ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రోజు. మన గుడిలో పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేస్తాం. ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ కుర్చీలు ఎవరెవరివో మన ఊళ్ళో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తాత కూర్చున్న కుర్చీలో తండ్రి. తండ్రి కూర్చున్న కుర్చీలో కొడుకు. ఒకరికొకరు సేవ చేసుకోండిరా అని ప్రభువు చూపించిన పనిని మనం పొలం గట్లలాగా పంచుకున్నాం. ఏమన్నా అంటే ఆచారం అంటాం.

నిరుడు ఇన్నాసి ఆ పన్నెండులో రెండు కుర్చీల్లో మిరప కోతలకు వచ్చిన పరాయి కూలీలను కూర్చోబెట్టాడు. ఒకతను ఒరిస్సా అతను. రెండో అతను యాస్మిన్ భర్త. ఇద్దరూ కల్లంలో నుంచి తిన్నగా వచ్చారు. పొద్దుటి నుంచీ గోనె సంచుల్లో ఎండుకాయలు తొక్కి తొక్కి వచ్చిన కాళ్ళు. ఫాదర్ గారు అప్పుడే కొత్తగా వచ్చారు, అదీ మిరప ఎరగని ఊరి నుంచి. వంగి, నీళ్ళు పోసి, రెండు చేతులా రుద్ది కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకున్నారు. కారం నీళ్ళకు పోతుందా? మనకు తెలుసు, పోదు. చేతులు మండాయి, పెదాలు మండాయి. పాపం, కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఇక చూడండి, పూజ అయ్యేదాకా ఒకటే కన్నీళ్ళు. ముందు వరసలో ఆదెమ్మక్క "ఎంత భక్తి తల్లీ ఈ తండ్రికి" అని తనూ ఏడ్చింది. ఆమెను చూసి ఆడవాళ్ళంతా ఏడ్చారు. మగవాళ్ళం సంగతి అర్థమై తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నాం. చివరికి ఇన్నాసి మందసం దగ్గర దీపానికి పోసే నూనె సీసా తెచ్చి ఫాదర్ గారి అరచేతుల్లో పోశాడు.

ఫాదర్ గారు ఇప్పుడు నవ్వుతున్నారు. ఆ రోజు నవ్వలేదు.

ఆ రోజు ఇంకా కొందరు నవ్వలేదు. గుడి మెట్ల మీదే పెద్ద రాయప్ప గారు అందుకున్నారు. రాయప్ప బావా, ఎదురుగానే ఉన్నావు, తప్పు చెబితే సరిదిద్దు. "ఏరా ఇన్నాసీ, మా నాయన కూర్చున్న కుర్చీలో ఎవణ్ణి కూర్చోబెట్టావురా? ఊరూ పేరూ లేనివాణ్ణా? మన దేవుణ్ణి మొక్కనివాణ్ణా?" అన్నావు. ఇన్నాసి కోప్పడలేదు. "ఆగు బావా. ఇన్నేళ్ళూ ఫాదర్లు కడిగినవి మనం ఇంట్లో సబ్బు పెట్టి రుద్దుకొచ్చిన కాళ్ళు. మన గుడిలో నిజంగా కాళ్ళు కడగడం ఇవాళే మొదలు" అన్నాడు.

చెప్పండి. ఇంట్లో కడుక్కోకుండా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? మడమలు గరుకు రాయితో తోముకుని, కొత్త చెప్పులు వేసుకుని వస్తాం కదా. మురికి లేని కాళ్ళు దేవుడికి చూపించి, కడిగించుకున్నాం అంటాం.

సరే. ఆ యాస్మిన్ సంగతికి వస్తాను. ఇక్కడున్న చాలామందికి ఆ పేరు వింటేనే ముఖం మారుతోంది. నాకు కనబడుతోంది.

ఆమెది ఈ దేశం కాదు. బర్మాలో వాళ్ళ ఊరు తగలబెడితే భర్తతో, పసిపిల్లతో పారిపోయి వచ్చింది. సరిహద్దు దాటింది. కాగితం లేదు, ఎవరి అనుమతీ లేదు. ఇది నిజం. నేను దాచను, ఇన్నాసీ దాచలేదు. కోతల ముఠాతో కలిసి మన ఊరు వచ్చారు. కోతలయ్యాక అతను గుంటూరులో కోల్డ్ స్టోరేజీ పనికి పోయాడు. అక్కడ కాగితాలు అడిగారు, లేవు, పట్టుకెళ్ళారు. ఇప్పటికీ నిర్బంధంలోనే ఉన్నాడు. ఆ కబురు రాగానే కల్లం పక్క పరదా గుడిసెలో ఉన్న యాస్మిన్‌ను వెళ్ళిపొమ్మన్నారు. ఎవరన్నారో అనను. సీజనంతా ఆమె చేత తాలుకాయలు ఏరించుకున్నవాళ్ళే అన్నారు. కాయలు ఏరినప్పుడు కాగితం గుర్తు రాలేదు మనకు.

వానలో పిల్లను చంకనేసుకుని గుడి వసారాలో నిలబడింది. ఇన్నాసి ఉపదేశి ఇంటి తలుపు తీశాడు. ఆయన భార్య పోయినప్పటి నుంచీ ఖాళీగా ఉన్న గది ఇచ్చాడు.

అక్కడితో ఊరుకున్నాడా? మర్నాడు నన్ను తోడు రమ్మని, యాస్మిన్‌ను తీసుకుని మండలం పోలీస్ స్టేషనుకు పోయాడు. తనంతట తానే పోయాడు. ఈ మాట మీలో చాలామందికి తెలియదు. దొంగల్ని దాచాడు అంటున్నారు. ఎక్కడ దాచాడు? ఎస్సై గారి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎస్సై గారు తల పట్టుకుని, "ఏంటండీ పెద్దాయనా, ఈ తలనొప్పి మీకెందుకు? గుళ్ళో జపాలు చేసుకోక" అన్నారు. ఇన్నాసి, "కాగితాలు చూసే పని మీది బాబూ. మీరు చెయ్యండి. అన్నం పెట్టే పని నాది. నన్ను చెయ్యనివ్వండి" అన్నాడు. అంతే. వాదన లేదు, దండం లేదు. పై నుంచి ఉత్తర్వులు వచ్చేదాకా ఆమె ఉపదేశి ఇంట్లోనే ఉండాలని, ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టాలని ఎస్సై గారు చెప్పారు. ఇన్నాసి ప్రతి సోమవారం వెంట పోయాడు.

ఫాదర్ గారు మొన్న ప్రసంగంలో చెప్పారు. దేశానికి హద్దు ఉండటం తప్పు కాదట. హద్దు కాపాడుకునే హక్కు ప్రభుత్వానికి ఉందట, తిరుసభ దాన్ని కాదనదట. కానీ హద్దు దాటినవాడు కూడా దేవుడు చేసిన మనిషేనట, ఆ మర్యాద తీసే హక్కు ఎవరికీ లేదట. మీరు మొదటి ముక్క విని తలలాడించారు. రెండో ముక్క దగ్గర దగ్గులు వచ్చాయి.

ఇన్నాసికి రెండు ముక్కలూ వినబడ్డాయి. అదే ఆయన చేసిన నేరం.

ఒకసారి జపమాల అయ్యాక ఒక కుర్రవాడు అడిగాడు, చదువుకున్నవాడే. "దొంగతనంగా వచ్చినవాళ్ళను ఇంట్లో పెట్టుకుంటే దొంగిలించరాదన్న ఆజ్ఞ మీరినట్టు కాదా, ఉపదేశి గారూ?" అని. ఇన్నాసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "దొంగ అంటే ఎవరిదో ఒకటి తీసుకోవాలి కదా నాయనా. ఈ పిల్ల మనది ఏం తీసుకుంది? మన ఎండ తీసుకుంది" అన్నాడు.

మన ఎండ తీసుకుంది. మనమెవరం నిలబడలేని ఎండ.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను. కానీ మీరు మరిచిపోయారు కాబట్టి చెబుతాను.

నా కూతురు దేవకుమారి కువైట్‌లో ఇంటిపనికి పోయింది. ఆ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు లాక్కుని కొట్టారు. పారిపోయింది. అప్పుడు నా కూతురు ఏమిటి? కాగితం లేని మనిషి. ఆ దేశం చట్టం ముందు తప్పు చేసిన మనిషి. ఇక్కడ ప్రతి ఆదివారం ఇన్నాసి మైకులో "పరాయి దేశంలో తలదాచుకున్న దేవకుమారి కోసం ప్రార్థించుదము" అనేవాడు. మీరంతా, ఈ రాయప్ప బావతో సహా, "ప్రభువా, మా మనవి ఆలకించండి" అనేవాళ్ళు. గొంతెత్తి అనేవాళ్ళు. నేను వెనక వరసలో స్తంభం చాటున నిలబడి ఆ గొంతులు విన్నాను. ఆ గొంతులే నన్ను బతికించాయి. ఆ రుణం నేను మరవను.

నా కూతుర్ని అక్కడ ఎవరు దాచారు? పాకిస్తాన్ దర్జీ ఒకాయన, ఆయన భార్య. మిషన్ల వెనక చాప వేసి పడుకోబెట్టారు. నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావని అడగలేదు. మెళ్ళో శిలువ తియ్యమనలేదు. వాళ్ళు తినేది పెట్టారు. ఆ దేశం వాళ్ళు క్షమాభిక్ష ప్రకటించాక బయటకు వచ్చి, విమానం ఎక్కింది. ఊళ్ళోకి వచ్చిన రోజున మీరు దండలు వేశారు. కృతజ్ఞతా పూజ చెప్పించారు. మేళం పెట్టించింది ఎవరు? నువ్వే కదా బావా.

ఎవరైనా అడిగారా, అమ్మా దేవకుమారీ, నువ్వు చట్టం తప్పావు కదా అని? అడగలేదు. కష్టపడిన బిడ్డ అన్నారు. మన పిల్ల దాక్కుంటే కష్టపడిన బిడ్డ. వాళ్ళ పిల్ల దాక్కుంటే దొంగ. ఈ లెక్క ఏ బడిలో నేర్చుకున్నాం? నేనూ ఇక్కడే చదివాను. నాకు నేర్పలేదే.

క్రిస్మస్‌కి మనం పశువుల పాక కడతాం. మన చేలో పత్తి తెచ్చి మంచు అని పరుస్తాం. సత్రంలో చోటు దొరకలేదని పాట పాడి కళ్ళు తుడుచుకుంటాం. ఆ తర్వాత జోజప్ప బాలయేసును, మరియమ్మను తీసుకుని ఐగుప్తుకు పారిపోయాడు. ఆ ముగ్గురినీ అక్కడ కాగితాలు అడిగి ఉంటే? ఇన్నాసి ప్రతి ఏడూ పిల్లల్ని ఇదే అడిగేవాడు. పిల్లలు సరిగ్గానే చెప్పేవాళ్ళు. పెద్దయ్యాక ఏం వస్తుందో నాకు తెలియదు.

పోయిన సోమవారం సంగతి చెబుతాను.

స్టేషను నుంచి తిరిగి వస్తున్నారు. వినుకొండ బస్సు. ఎండ మీకు తెలుసు. ఇన్నాసి కిటికీకి తల ఆనించాడు. నిద్రపోయాడనుకుందట యాస్మిన్. పిల్ల ఆయన తువ్వాలు కొస పట్టుకుని ఆడుకుంటోందట. మన ఊరి స్టాపు వచ్చింది. ఆయన లేవలేదు. ఆమె ఆయన తల ఒళ్ళో పెట్టుకుని "తాతా, తాతా" అని అరిచింది. ఆమెకు వచ్చిన తెలుగు అంతే. కండక్టరు నీళ్ళ సీసా ఇచ్చాడు. నీళ్ళు లోపలికి పోలేదు. నేను పరుగెత్తి పోయేసరికి ఆమె తన ఓణీతో ఆయన ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పట్టుకుని ఉంది. పోయినవాడికి ఎండేమిటి? అయినా పట్టుకునే ఉంది.

మన ఊరు ఏమంది? "ఆ ముండ వల్లే పోయాడు" అంది. నా చెవులతో విన్నాను. ఎండ వల్ల కాదు, గుండె వల్ల కాదు, డెబ్భై ఏళ్ళ వయసు వల్ల కాదు. మనలో ఒక్కరైనా, ఒక్క సోమవారమైనా, "నువ్వు కూర్చో ఇన్నాసీ, ఇవాళ నేను తోడు వెళ్తాను" అని ఉంటే? ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

సమాధి దగ్గర అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. ఆమె కూడా వంగి మట్టి తీసుకుంది. ఎవరో "నువ్వు వెనక్కి జరుగు" అన్నారు. ఆమెకు భాష రాదు కానీ ఆ మాట అర్థమైంది. మట్టి గుప్పిట్లోనే ఉంచుకుని వెనక్కి జరిగింది. ఇన్నాసి ఏ చేతుల్లో పోయాడో, ఆ చేతుల్లో మట్టి పనికి రాలేదు మనకు. ఆయన్ను పునీతుడంటున్నాం. ఏ నోటితో?

ఇక అసలు మాట. నిన్న పెద్దలు ఉపదేశి ఇంటికి పోయారు. ఏడో రోజు పూజ కాగానే ఇల్లు ఖాళీ చెయ్యమని యాస్మిన్‌కు సైగలతో చెప్పి వచ్చారు. ఇల్లు గుడి విచారణది, కొత్త ఉపదేశికి కావాలి, అది న్యాయమే. కొత్త ఉపదేశి ఎప్పుడొస్తాడు? ఫాదర్ గారికే తెలియదు. మరి ఇవాళే ఎందుకు?

రేపు సోమవారం. రేపు స్టేషనులో ఎక్కడుంటున్నావని అడుగుతారు. ఉండే చోటు లేదంటే అక్కడ నుంచి అటే పంపిస్తారు. ఎక్కడికో, ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. పిల్లను తల్లి దగ్గర ఉంచుతారో లేదో కూడా చెప్పలేరు. ప్రభుత్వం ఏదో ఒక రోజు నిర్ణయిస్తుంది. పంపిస్తే పంపిస్తుంది. దానికి మనం అడ్డం పడమని ఇన్నాసి ఎప్పుడూ అనలేదు. అప్పటిదాకా ఒక కప్పు, ఒక కంచం. అడిగింది అంతే. ఆ మాత్రం ఓపిక లేక, ప్రభుత్వం కంటే ముందు మనమే వెళ్ళగొడుతున్నాం.

లూర్దుమేరి పొద్దున నాతో "బాబాయ్, నాన్న మంచం, నాన్న గిన్నెలు ఆమెకే ఉంచండి. నేనేం తీసుకెళ్ళను" అంది. కన్నకూతురు. నాన్న గుర్తుగా ఒక చెంబైనా తీసుకోలేదు.

కాబట్టి పెద్దలారా, మీ ఇల్లు మీరు తీసుకోండి. నేను గొడవ పడను. నాకు గొడవ పడటం చేతకాదు. మా ఇంట్లో వెనక గది ఉంది. దేవకుమారి పొద్దుటే ఊడ్చి నీళ్ళు చల్లింది. ఇన్నాసి మంచం ఇవాళ సాయంత్రం అక్కడికి పోతుంది. మొయ్యడానికి ఎవరైనా ఒక చెయ్యి వేస్తే సంతోషం. రేపు స్టేషనుకు ఆమె వెంట నేను పోతాను. ఎక్కడ ఉంటోందని అడిగితే మా ఇంటి గుర్తులు చెబుతాను. ఇన్నాసిలాగా మాట్లాడలేను. నాకు నోరు లేదు. ఇల్లు ఉంది.

నా మాట అయిపోయింది. ఒళ్ళు మంట తగ్గలేదు. అది తగ్గేది కాదు, కారం లాంటిది.

ఇప్పుడు ఇన్నాసి ఆత్మశాంతి కోసం మౌనం పాటించాలి. ఆ మాట చెప్పే పని నాకు అప్పగించారు. చెబుతాను. దాని ముందు ఒకటి.

గేటు అవతల, గోడ పక్కన, యాస్మిన్ పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. పొద్దున పూజ గంట కొట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. వెనక్కి జరగమన్నాం కదా, జరిగింది. ఆమె ఇప్పటికే నిలబడి ఉంది, మనం కూర్చుని ఉన్నాం. నిలబడినవాళ్ళను బయట ఉంచి మనం లేచి నిలబడితే, ఇన్నాసికి అది ఏం మౌనం?

దేవకుమారీ, వెళ్ళమ్మా. చెయ్యి పట్టుకుని తీసుకురా. కాళ్ళకు దుమ్ముంటే ఉండనివ్వు, చెప్పులు లేకపోతే లేకపోనీ.

రాయప్ప బావా, నీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద వేసిన నీ తువ్వాలు తీసెయ్.

ఆమె వచ్చి కూర్చోవాలి. ఆమె కూర్చున్నాక మనమందరం లేచి, ఇన్నాసి కోసం తలలు వంచి నిలబడదాం. అందాకా నేను ఇక్కడే ఉంటాను. ఎంతసేపైనా ఫర్వాలేదు. మాట్లాడకుండా నిలబడటం నాకు అలవాటే.